పగలంతా కడుపు మాడ్చుకుని, రాత్రంతా తింటూ: ఏడీహెచ్‌డీ ఉన్న ఒక క్లయింట్ కేస్ స్టడీ

క్లయింట్ గ్రాఫిక్ డిజైనర్, వయసు 34. ఇంటి నుంచే పని. భర్త ఆఫీసుకి వెళ్లొస్తారు. పిల్లలు లేరు. రెండేళ్ల కిందట ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతిచురుకుదనం కనిపించే మెదడు ఎదుగుదల సమస్య) అని తేలింది. ఉరుకులాట కన్నా ఏకాగ్రత లోపం ఎక్కువగా కనిపించే రకం. రోజూ పొద్దున దానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు, ఎక్కువ గంటలు పనిచేసే మాత్ర వేసుకుంటున్నారు. నా దగ్గరికి పంపింది ఆమె సైకియాట్రిస్ట్. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

సైకియాట్రిస్ట్ రాసిన చీటీలో ముఖ్యమైన మాట ఒక్కటే: మందు మొదలయ్యాక ఆకలి తగ్గింది, బరువు పెరిగింది. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా జరిగాయో తేల్చడమే నా పని.

"పగలంతా బాగానే ఉంటాను మేడం. అసలు తిండి ధ్యాసే ఉండదు. సాయంత్రం ఆరయిందంటే ఇక చెయ్యి ఆగదు. పడుకునేదాకా ఏదో ఒకటి నోట్లో పడుతూ ఉండాల్సిందే. నాకో గట్టి డైట్ చార్ట్ ఇవ్వండి, ఈసారి కచ్చితంగా ఫాలో అవుతాను" అన్నారు మొదటి రోజు.

అంతకుముందు చాలా చార్టులు అయిపోయాయి. కేలరీలు లెక్కపెట్టే యాప్ పెట్టుకున్నారు. రెండు రోజులు ఎక్కించి, మూడో రోజు మర్చిపోయి, ఆ తర్వాత యాప్ తెరవాలంటేనే సిగ్గుపడి తీసేశారు. రోజుకి పదహారు గంటలు ఉపవాసం ఉండే పద్ధతి ఆమెకు తేలిగ్గా కుదిరింది, ఎందుకంటే పగలు ఎలాగూ తినరు. అయితే దాంతో పగటి పస్తుకి ఒక మంచి పేరు దొరికింది తప్ప రాత్రి మారలేదు. ఇంట్లో చిరుతిళ్లే ఉంచకూడదని ఒకసారి ఒట్టు పెట్టుకున్నారు. ఆ వారం రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకున్న తిండి మామూలుగా తినేదానికన్నా ఎక్కువైంది.

నేను చార్ట్ ఇవ్వలేదు. చార్ట్‌లో పూటకో వంటకం ఉంటుంది. దానికి ముందు కొనడం, కడగడం, తరగడం, వండటం, తర్వాత గిన్నెలు తోమడం ఉంటాయి. ముందే అనుకోవడం, వరుసలో పెట్టుకోవడం, మొదలుపెట్టడం, మధ్యలో మర్చిపోకుండా ముగించడం: ఏడీహెచ్‌డీ దెబ్బకొట్టేది సరిగ్గా వీటినే. ఏం తినాలో ఆమెకు బాగా తెలుసు. ఏ పదార్థంలో ఎంత ప్రొటీన్ ఉంటుందో నన్ను మించి చెప్పగలరు, ఒక రాత్రంతా కూర్చుని అదే పనిగా చదివేశారట. తెలియనిదాన్ని నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తెలిసినది ఆమె చేతికి అందేలా ఎలా పెట్టాలన్నదే ప్రశ్న.

ముందు తేల్చుకోవలసినవి

చిరుతిండి అలవాటు అని వచ్చిన ప్రతి కేసూ చిరుతిండి అలవాటు కాదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ 2013లో డీఎస్ఎం-5తో, అంటే మానసిక రుగ్మతలని నిర్ధారించడానికి వాడే అమెరికన్ గ్రంథంతో, విడి రోగనిర్ధారణగా చేరింది. తక్కువ సమయంలో మామూలు మనుషులు తినేదానికన్నా బాగా ఎక్కువ తినడం, ఆ సమయంలో ఆపుకోలేకపోతున్నానన్న భావన, సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు. దాని వెంట ఒంటరిగా దాక్కుని తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం వంటివి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఇది మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అడగకుండా వదిలేయకూడదు. వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు, తిన్నదానికి శిక్షగా వ్యాయామం గురించి కూడా సూటిగా అడిగాను. అవేవీ లేవు. ఆమె తినడం సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కొంచెం కొంచెంగా పరుచుకుని ఉంది. చేయి దాటిపోయిన రాత్రులు అప్పుడప్పుడూ ఉన్నాయి, అంత తరచుగా కాదు. ఇదంతా సైకియాట్రిస్ట్‌కి రాసి పంపాను. బింజ్ ఈటింగ్ నిర్ధారణ ఇప్పటికి అక్కర్లేదని, గమనిస్తూ ఉందామని ఆయన అన్నారు.

లిస్‌డెక్సాంఫెటమిన్ అనే మందుని అమెరికాలో 2007లో ఏడీహెచ్‌డీకి, 2015లో పెద్దవాళ్ల బింజ్ ఈటింగ్‌కి అనుమతించారు. ఇంటర్నెట్‌లో అది చదివి "నాకు అది మారిస్తే సరిపోతుందేమో" అని ఆమె అడిగారు. అది సైకియాట్రిస్ట్ తేల్చాల్సిన విషయం, నాది కాదు. ఒకటి మాత్రం చెప్పాను, బరువు తగ్గడం కోసం వాడే మందు కాదని దాని లేబుల్ మీదే రాసి ఉంటుంది.

థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మామూలుగానే ఉన్నాయి. ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, కాస్త తక్కువ, దానికి ఆమె డాక్టర్ ఐరన్ రాశారు.

ఇలాంటి కేసు అరుదు కాదు. పాత అధ్యయనాలన్నింటినీ కలిపి 2016లో చేసిన ఒక పెద్ద విశ్లేషణలో ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లలో ఊబకాయం 28.2 శాతం, లేనివాళ్లలో 16.4 శాతం. ఆమెకు ఆ అంకెలు చూపించినప్పుడు మొదట బెంగపడ్డారు, తర్వాత "అంటే ఇది నా ఒక్కదాని బద్ధకం కాదన్నమాట" అన్నారు. ఆ మాట వచ్చాకే అసలు పని మొదలైంది.

ఫోటోలు చెప్పిన కథ

తిన్నవన్నీ రాయమంటే రాయరని తెలుసు. అందుకే తినే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీయమన్నాను, అంతే. టైము ఫోనే వేసుకుంటుంది. మర్చిపోతే మర్చిపోండి, తర్వాత గుర్తుచేసుకుని రాయొద్దు. తింటున్నది మంచిదా చెడ్డదా అన్న వ్యాఖ్యానం కూడా వద్దన్నాను.

వారం తర్వాత ఆ ఫోటోలన్నీ నా కంప్యూటర్ మీద వరుసగా పెట్టుకుని చూశాం. పొద్దున ఎనిమిదిన్నరకి కాఫీ కప్పు, పక్కన మాత్ర. ఆ తర్వాత ఖాళీ. ఒక రోజు సాయంత్రం 6:10కి తీసిన ఫోటోలో మధ్యాహ్నం కోసం భర్త పెట్టి వెళ్లిన డబ్బా ఉంది, మూత కూడా తీయలేదు, మీద స్కెచ్ పెన్ను పడుంది. ఆ మూత మీది నీటి ఆవిరి ఆరిపోయి తెల్లటి మరక కట్టింది. దాని తర్వాతి ఫోటో 6:25కి: వంటింటి గట్టు మీద సగం అయిపోయిన బిస్కెట్ ప్యాకెట్, ప్లేటు లేదు. తర్వాత బ్రెడ్, చీజ్, మళ్లీ బిస్కెట్లు, ఎనిమిదింటికి భోజనం, పది దాకా ఖాళీ, పదింటి నుంచి చిప్స్, చాక్లెట్, పన్నెండున్నరకి ఇంకోసారి చిప్స్.

ఆమె ఇంతకాలం దాన్ని ఒకే సమస్యగా, "రాత్రి తిండి"గా చూసుకున్నారు. ఫోటోల్లో అవి రెండు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆమె తిన్నది నిజమైన ఆకలితో. మిథైల్‌ఫెనిడేట్ ఆకలిని అణిచిపెడుతుంది. మందు ప్రభావం దిగిపోయే వేళకి ఆ ఆకలంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. దానికి తోడు పనిలో ఒళ్లు మరిచిపోయినప్పుడు ఒంట్లోంచి వచ్చే కబుర్లు, అంటే ఆకలి, దాహం, బాత్రూమ్‌కి వెళ్లాలన్నది కూడా ఆమెకు వినపడవు. ఇది మందు మొదలుపెట్టక ముందు నుంచీ ఉందట. పగలంతా కాఫీ మీద గడిపిన మనిషి సాయంత్రం ఆబగా తినడంలో వింతేముంది? అలాంటివాళ్లని "నోరు కట్టుకో" అనడం దండగ. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మినెసోటా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఆరు నెలలు సగం కడుపు తిండి పెట్టింది. వాళ్లు రోజంతా తిండి గురించే మాట్లాడారు, తిండి గురించే కలలు కన్నారు, వంటల పుస్తకాలు పోగుచేశారు. అది ఆకలి చేసిన పని.

పది నుంచి పన్నెండున్నర దాకా తిన్నది వేరే. అప్పటికి భోజనం అయింది, కడుపు నిండుగానే ఉంది. అప్పుడు కావాల్సింది కరకరలాడేది, ఉప్పగా ఉండేది, ఏదో ఒక సంచలనం. మందు దిగిపోయి, పని అయిపోయి, ఇల్లు నిశ్శబ్దమయ్యాక మెదడుకి ఏమీ తోచని వేళ అది. పడుకోవడానికి మనసొప్పదు, ఫోన్ వదలబుద్ధి కాదు, చేతికి పని లేదు.

ఈ రెండింటికీ ఒకే ఉపాయం వాడితే పని జరగదు. మొదటిదానికి పగటి తిండి. రెండోదానికి తిండితో సంబంధమే తక్కువ. కాబట్టి ముందు ఆరు గంటల సంగతి చూద్దామని, పదింటి తర్వాత ఏం తిన్నా కొన్ని వారాలు పట్టించుకోవద్దని చెప్పాను. ఆమెకి అది నచ్చలేదు. చిప్స్ మానడానికి వచ్చిన మనిషికి "చిప్స్ తినండి, కానీ పొద్దున తినండి" అంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

పగటి తిండి

తినే రుగ్మతల చికిత్సలో బ్రిటిష్ సైకియాట్రిస్ట్ క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ పద్ధతిలో మొదటి మెట్టు క్రమం తప్పని తిండి: మూడు పూటల భోజనం, మధ్యలో రెండో మూడో చిన్న తిళ్లు, రెండింటి మధ్య నాలుగు గంటలకి మించి ఖాళీ ఉండకూడదు. మాకు కావాల్సిన చట్రం అదే. దాన్ని ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి సరిపోయేలా దించడంలోనే కష్టమంతా.

పొద్దుటి సంగతి తేలిక అనుకున్నాం. మాత్ర ప్రభావం ఎక్కకముందే ఏదైనా తినేయాలి, ఎక్కాక ముద్ద దిగదు. పొద్దున్నే నమలడం ఇష్టం లేదు కాబట్టి పాలు, అరటిపండు, వేరుశెనగ వెన్న మిక్సీలో వేసుకుని తాగుతానని ఆమే అన్నారు. మూడు రోజులు తాగారు. నాలుగో రోజు మిక్సీ జార్ సింకులో కడగకుండా పడి ఉంది. ఐదో రోజు కూడా. ఇక దాని జోలికి పోలేదు. ఇలాంటి చోట క్లయింట్లు "నా వల్ల కాదు" అనేస్తారు. కడగాల్సిన వస్తువు ఒకటి పెరిగింది, అంతకుమించి ఏమీ జరగలేదు. సీసాలో దొరికే తాగే పెరుగు, ఒక గుప్పెడు గింజలు: కడిగేది లేదు, కోసేది లేదు. మాత్రల డబ్బాని ఫ్రిజ్ పక్కకి మార్చి, సీసా మూత తీశాకే మాత్ర అని పెట్టుకున్నారు. అది నిలబడింది.

మధ్యాహ్నానికి అలారం పనికిరాలేదు. మోగగానే వేలు దానంతటదే నొక్కేస్తుంది, అలారం మోగిందన్న సంగతి కూడా గుర్తుండదు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990ల నుంచి చెబుతున్న పద్ధతి ఒకటుంది. "తింటాను" అని అనుకోకుండా, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే ముడివేసుకోవడం. ఆమెకి రోజూ ఒంటిగంటకి టీమ్ కాల్ ఉంటుంది. "కాల్ అవగానే, హెడ్‌ఫోన్స్ తీయకముందే, డబ్బా మూత తీస్తాను." తినాలని లేదు, మూత తీయాలి. మూత తీస్తే తినడం దాదాపు ఎప్పుడూ జరిగింది. డబ్బా వంటింట్లో ఉంటే లాభం లేదు, కీబోర్డ్ పక్కనే ఉండాలి, లోపలున్నది కనపడే గాజుదై ఉండాలి, ఒక చేత్తో తినగలగాలి. ఆకలి లేకపోయినా కొంచెం తినమన్నాను. మందు వేసుకునేవాళ్లు ఆకలి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సాయంత్రమే వస్తుంది. వారానికి రెండు రోజులు ఒక సహోద్యోగితో వీడియో కాల్‌లో కలిసి తింటారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు కూడా. ఇలా పక్కన ఇంకొకరు ఉంటే పని మొదలుపెట్టి చేయగలగడాన్ని ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు బాడీ డబ్లింగ్ అంటారు.

వీటన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది ఐదింటి తిండి. మందు దిగిపోకముందే, ఆకలి మీద పడకముందే, కడుపుకి ఆనేది ఒకటి: ఉడికించిన గుడ్లు, బ్రెడ్. రెండు రోజులకి సరిపడా గుడ్లు భర్త ఒకేసారి ఉడికించి పెడతారు. ఇది మొదలైన రెండో వారంలో ఆరింటి ఫోటోలు పలచబడ్డాయి. బిస్కెట్ ప్యాకెట్ వచ్చినా పక్కన ప్లేటు కనపడింది.

దాచిపెట్టడం గురించి

ఒక సెషన్‌కి భర్త కూడా వచ్చారు. ఆయన పాపం సాయం చేద్దామనే బిస్కెట్లు, చాక్లెట్లు అల్మరా పైఅరలో బట్టల వెనక దాచిపెడుతున్నారు, ప్యాకెట్లు లెక్కపెడుతున్నారు.

"నీ కోసమే కదా దాచింది?" అన్నారాయన.

"దాచావు కాబట్టే అర్ధరాత్రి అల్మరాలన్నీ వెతికాను. దొరికాక మళ్లీ దొరకదేమోనని మొత్తం తినేశాను."

ఆయనకి ఇంకో గట్టి నమ్మకం, చక్కెర వల్లే ఆమె అంత అలజడిగా ఉంటారని. చక్కెరకీ అతిచురుకుదనానికీ సంబంధం ఉందన్న మాట ఎప్పటినుంచో నలుగుతోంది. పిల్లల మీద చేసిన ప్రయోగాలన్నింటినీ 1995లో కలిపి చూసినప్పుడు చక్కెర ప్రవర్తనని మార్చినట్టు తేలలేదు. అంతకు ముందు సంవత్సరం ప్రచురించిన ఒక ప్రయోగం నాకు భలే ఇష్టం. పిల్లలకి చక్కెర లేని తీపి ఇచ్చి, సగంమంది తల్లులకి మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది. చక్కెర ఎక్కువ తినడం పళ్లకీ బరువుకీ మంచిది కాదు, అది వేరే సంగతి.

కాపలా మానేయమన్నాను. లెక్కలు వద్దు, రేపర్లు చూడటం వద్దు. బదులుగా ఇద్దరూ కలిసి వంటిల్లు సర్దారు. ఏడీహెచ్‌డీలో కంటికి కనపడనిది లేనట్టే. కూరగాయలు ఫ్రిజ్ అడుగు సొరుగులో కుళ్లిపోయేది అందుకే. కోసిన కూరగాయలు, పళ్లు, పెరుగు ఎదురుగా ఉండే అరలోకి వచ్చాయి, కూల్‌డ్రింకులు అడుగు సొరుగులోకి వెళ్లాయి. చిప్స్ చిన్న ప్యాకెట్లలో కొనడం మొదలుపెట్టారు. ఒకటే నియమం: ఏదైనా తినొచ్చు, ఎంతైనా తినొచ్చు, గిన్నెలో వేసుకుని కూర్చుని తినాలి. ఇంకోసారి కావాలంటే లేచి వెళ్లి మళ్లీ వేసుకోవచ్చు.

పదింటి తర్వాత

ఇక్కడ మా ఫలితాలు సగం సగం. ఒక పరీక్ష నేర్పాను: ఇప్పుడు ఉడికించిన గుడ్డు ఎదురుగా పెడితే తింటారా? తింటానంటే ఆకలే, తినండి. గుడ్డు వద్దు, చిప్సే కావాలంటే అది కడుపు అడుగుతున్నది కాదు. తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగదు కానీ, ఏం జరుగుతోందో తెలియడం వల్ల ఆ తర్వాత తనని తాను తిట్టుకోవడం తగ్గింది.

నోటికి, చేతికి వేరే పని పెట్టి చూశాం. ఐస్ వేసిన సోడా, చూయింగ్ గమ్, క్యారెట్ ముక్కలు, క్రోషే అల్లడం. ప్రతిదీ మొదట బ్రహ్మాండంగా పనిచేసింది, కొన్నాళ్లకి మొహం మొత్తింది. ఏడీహెచ్‌డీలో ఇది తరచూ జరిగేదే. ఇష్టమైన తిండి కూడా అంతే, రెండు నెలలు రోజూ తిన్నదాన్ని ఒక రోజు పొద్దున చూస్తేనే వెగటు పుడుతుంది. తాగే పెరుగుకీ అదే గతి పట్టింది. అందుకే ప్రతి పూటకీ మూడు ప్రత్యామ్నాయాలు ఫ్రిజ్ తలుపు మీద ముందే రాసిపెట్టుకున్నాం. మొత్తినప్పుడు కొత్తగా ఆలోచించే పని ఉండదు, పక్కదానికి మారిపోవడమే.

రాత్రి తిండి మీద అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది నిద్ర వేళ. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి నిద్ర గడియారం ఆలస్యంగా నడుస్తుంది. నిద్ర తక్కువైన మర్నాడు తిండి మీదికి మనసు మరీ పోతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ మానేశారు. పదిన్నరకి ఇద్దరూ కలిసి పళ్లు తోముకుని వంటింట్లో లైటు ఆర్పేస్తారు. పళ్లు తోముకున్నాక మళ్లీ చిప్స్ తినడం బద్ధకమనిపిస్తుందట. ఆ బద్ధకం ఎంతో మేలు చేసింది.

డెడ్‌లైన్ వచ్చినప్పుడు

మూడో నెలలో ఒక పెద్ద ప్రాజెక్ట్ వచ్చి అంతా కుప్పకూలింది. టీమ్ కాల్ రద్దయింది కాబట్టి డబ్బా మూత తెరుచుకోలేదు, గుడ్లు ఉడకలేదు, ఫోటోలు ఆగిపోయాయి. ఒక అపాయింట్‌మెంట్‌కి కూడా రాలేదు. మెసేజ్ పెడితే "మొహం చూపించలేక రాలేదు" అన్నారు.

అలాంటి వారాలు మళ్లీ వస్తాయి కాబట్టి వాటికి వేరే ప్లాన్ రాసుకున్నాం. ఒక అర మొత్తం నెలల తరబడి పాడవనివాటికి కేటాయించాం: గింజలు, ఎండు పళ్లు, డబ్బా పాలు, క్రాకర్స్, వేరుశెనగ వెన్న. లక్ష్యం బాగా కిందికి దించాం: సాయంత్రం ఐదులోపు ఏవైనా రెండుసార్లు తినాలి, ఏమిటన్నది అనవసరం. గుర్తుచేసే బాధ్యత భర్తది, రోజుకి ఒకే ఒక మెసేజ్‌తో, అందులో ప్రశ్న ఉండకూడదు. "తిన్నావా?" అని అడిగితే ఆమెకి పరీక్ష రాసినట్టుంటుందట. ఆయన తన ప్లేటు ఫోటో పంపిస్తారు, అంతే.

ఆర్నెల్ల రివ్యూ నాటికి చాలా రోజుల్లో మొదటి తిండి ఫోటో తొమ్మిదిలోపే ఉంటోంది. ఆరింటికి గట్టు దగ్గర నిలబడి తినడం దాదాపు పోయింది. పదింటి తర్వాత తినడం వారానికి రెండు మూడు రాత్రులు ఉంది, గిన్నెలో, కూర్చుని. బరువు పెరగడం ఆగింది, కొంచెం దిగింది. ఆమె ఆశించినంత కాదు, అది దాచకుండా చెప్పారు. చేయి దాటిపోయిన రాత్రులు చివరి రెండు నెలల్లో లేవు. మందు మోతాదు, వేసుకునే వేళ మార్చాలా అని సైకియాట్రిస్ట్ చూస్తున్నారు.

ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు అందరికీ వాడొద్దు. బరువు బాగా తగ్గిపోతున్నవాళ్లు, తిన్నాక వాంతి చేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి. గిన్నెల, డబ్బాల సంగతి ఆ తర్వాత. ఇవే మందులు వాడుతున్న పిల్లల విషయంలో ఎత్తూ బరువూ క్రమం తప్పకుండా, కనీసం ఆర్నెల్లకోసారి కొలిపించాలి. పగలు తినని పిల్లవాడికి మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం ఆకలి వేసినప్పుడు, కడుపునిండా పెట్టాలి. అక్కడ సాయంత్రం తిండిని తగ్గించే ప్రసక్తే లేదు.